చూపించాకే ఐసులోకి

ఢిల్లీలో మా తెలుగు క్రైస్తవ సంఘంలో ఆదివారం ఆరాధన ముగిశాక, టీ గ్లాసులు పంచుతూ మా అక్క నన్ను కొత్తవాళ్ళకి పరిచయం చేసేది. "మా చెల్లి. రక్తనాళాలు పూడుకుపోకుండా మందు కనిపెడతంది," అనేది. నేను మందేమీ కనిపెట్టడం లేదు. రోజంతా కంప్యూటర్ ముందు కూచుని అంకెలు చూసుకునే మనిషిని. ఆ సంగతి అక్కకి విడమరిచి చెప్పాను, బతిమాలి చెప్పాను, కసిరి కూడా చెప్పాను. వచ్చే ఆదివారం మళ్ళీ అదే మాట. పక్కనున్న ఆంటీలు నా చెయ్యి పట్టుకుని, "మా ఆయనకి బీపీ ఉందమ్మా, కాస్త త్వరగా కనిపెట్టు," అనేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. "ప్రార్థన చెయ్యండి ఆంటీ," అని తప్పించుకునేదాన్ని.

అక్క ఆ మాట గొప్పకి అనేది కాదు. ఆమెకి ఆ మాట అవసరం. బావ వాళ్ళ ఇంట్లో మగవాళ్ళు పెద్ద వయసు చూడలేదు. వాళ్ళ నాన్న పక్షవాతంతో మంచాన పడి పోయాడు. వాళ్ళ అన్న తెనాలి బస్టాండులో టికెట్ కొనుక్కుంటూ గుండె పట్టుకుని కూలిపోయాడు. బావకి నలభై దాటిన దగ్గర్నించీ అక్క ఆయన కంచంలో నెయ్యి చుక్క పడనివ్వలేదు. ఆయన మెట్లెక్కుతుంటే వెనక నిలబడి ఊపిరి వినేది. ఆమె ఆపరేషన్ థియేటర్లో సిస్టరు. ఏ నాళం ఎక్కడ పూడుకుంటే ఏమవుతుందో రోజూ కళ్ళతో చూసే మనిషి కాబట్టి భయం మామూలు వాళ్ళకంటే ఎక్కువ. "నువ్వు చదివేది ఆ జబ్బు గురించేగా. ఆయన వంతు వచ్చేలోపల ఏదో ఒకటి తేలిద్ది గదే?" అని ఒకసారి వంటింట్లో అడిగింది. "చూద్దాం అక్కా," అన్నాను. ఆ చూద్దాంని ఆమె నేను మాట ఇచ్చినట్టే తీసుకుంది.

బావకి మాత్రం ఇదంతా వేళాకోళం. కరోల్ బాగ్‌లో ఒక ట్రావెల్ ఆఫీసులో టికెట్లు బుక్ చేసే ఉద్యోగం ఆయనది. సాయంత్రం ఇంటికొచ్చి లుంగీ కట్టుకుని కూచునేవాడు. నేను కనిపిస్తే చాలు, "ఏమ్మా డాక్టరమ్మా, చీటీ రాయలేని డాక్టరమ్మా, ఇయ్యాళ ఎలకేమన్నా చచ్చిందా?" అనేవాడు. మా ల్యాబులో ఎలకలు లేవు బావా అంటే, "ఎలకలు కూడా లేని ల్యాబేంది? మా ఆఫీసులో బోలెడున్నయ్, రెండు పట్టకపో," అనేవాడు. వాళ్ళకి పిల్లల్లేరు. ఆ ఇంటికి పిల్లనైనా పెద్దనైనా నేనే.

నేను ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఒక మేడమీద గదిలో ఉండేదాన్ని. ఆ బిల్డింగులో నేను తప్ప అందరూ సివిల్స్‌కి చదివేవాళ్ళే. ఇంటి ఓనరు ఆంటీ ఎప్పుడు కనిపించినా, "బేటా, నీది ఎన్నో అటెంప్టు?" అని అడిగేది. నాది పీహెచ్‌డీ అని ఎన్నిసార్లు చెప్పినా, "అచ్ఛా అచ్ఛా, ఈసారి తప్పకుండా వస్తుందిలే," అని ఓదార్చేది. మొదట్లో నవ్వు వచ్చేది, తర్వాత కోపం వచ్చేది. పీహెచ్‌డీ ముదిరిన కొద్దీ ఆ ఓదార్పు కూడా బాగానే ఉన్నట్టు అనిపించసాగింది.

నా పని ఏమిటో కొంచెం చెప్పాలి. కృష్ణా కాలవల కింద పెరిగిన మాకు పూడిక అంటే వేరే వివరించక్కర్లేదు. కాలవ అడుగున మట్టి పేరుకున్నట్టే ధమని గోడలో కొవ్వు పేరుకుంటుంది. దాన్ని ఎత్తిపొయ్యడానికి రక్తంలోంచి రక్షణ కణాలు వస్తాయి. వచ్చి ఆ కొవ్వుని మింగుతాయి. మింగి మింగి కదల్లేక ఆ గోడలోనే చచ్చిపోతాయి. వాటిని తియ్యడానికి ఇంకొన్ని వస్తాయి, అవీ అక్కడే చస్తాయి. కొన్నాళ్ళకి పూడికలో సగం ఆ చచ్చిన కణాలే. మెడలోంచి మెదడుకి పోయే ధమనిలో ఈ పూడిక ఏళ్ళ తరబడి కిమ్మనకుండా పడి ఉండవచ్చు. లేదా ఒకరోజు పగిలి, ముక్క కొట్టుకుపోయి, మనిషికి పక్షవాతం రావచ్చు. స్కానులో చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. ఎవరిది ఊరకే ఉంటుంది, ఎవరిది పగులుతుంది అన్నది ఆ రక్షణ కణాల్లో పనిచేస్తున్న జన్యువులని చూసి ముందే చెప్పగలమా? అదే నా ప్రశ్న. అప్పట్లో అందుకు గాజు చిప్పులు ఉండేవి, వాటి మీద ఒక్కో జన్యువుకి ఒక్కో చుక్క. తీసిన ముక్కలోంచి జన్యువుల సరుకు లాగి చిప్పు మీద పోస్తే, ఏ జన్యువు ఎంత గట్టిగా పనిచేస్తోందో దాని చుక్క అంత వెలుగుతుంది. ఆ వెలుగు అంకెలై నా కంప్యూటర్లోకి వచ్చేది.

ముక్కలు అక్క ఆస్పత్రి నుంచి వచ్చేవి. మెడ ధమని కోసి పూడిక తీసే ఆపరేషన్లు అక్కడ బాగా చేసేవారు. పోల్చి చూడ్డానికి ఆరోగ్యమైన ధమని కూడా కావాలి కదా, అది గుండె బైపాస్ ఆపరేషన్లలో దొరికేది. ఛాతీ ధమనిలో వాడగా మిగిలిన చిన్న ముక్క. అనుమతులన్నీ సార్ తెచ్చారు, సార్ అంటే మా గైడు. కానీ సర్జనుని నిజంగా ఒప్పించింది మాత్రం అక్కే. తన షిఫ్టు కాకపోయినా నిలబడి ప్రతి ముక్కనీ ట్యూబులో వేయించి, టైమ్ రాసి, ఐసులో పెట్టించేది. నేను వెళ్ళి ఆ ఐసు డబ్బాని ఒళ్ళో పెట్టుకుని ఆటోలో ఇన్‌స్టిట్యూటుకి తెచ్చుకునేదాన్ని. సర్దార్జీ ఆటోవాలా ఒకాయన, "దీదీ, రోజూ ఐస్‌క్రీమ్ తీసుకెళ్తారు, ఒక్కసారి కూడా పెట్టరు," అని దెప్పేవాడు.

అలా రెండేళ్ళకి పైగా కూడబెట్టిన అంకెలు ఒకరోజు రెండు గుంపులుగా విడిపోయాయి. పూడిక ముక్కల్లో కొన్నిటిలో రక్షణ కణాలు గగ్గోలు పెడుతున్నాయి. ప్రమాదం వచ్చినప్పుడు కణం మోగించే గంటల్లాంటి జన్యువులు కొన్ని ఉంటాయి, అవన్నీ ఒక్కసారిగా వెలిగి ఉన్నాయి. మిగతా ముక్కల్లో ఆ గోల తక్కువ. ఆరోగ్యమైన ధమనిలో అసలు లేదు. సార్ కుర్చీలోంచి లేచి వచ్చి, కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశారు. "పగిలేవీ, పగలనివీ," అన్నారు. "దీనికోసమే కదా ఇన్నాళ్ళూ." మొదటి గుంపుకి ప్రమాదం గుంపు అని పేరు పెట్టాం, రెండోదానికి నెమ్మది గుంపు అని. సార్ రెండు కాన్ఫరెన్సుల్లో చెప్పారు, పేపరు రాయడం మొదలుపెట్టాం.

ఆ ఆదివారం అక్క సంఘంలో లేచి సాక్ష్యం చెప్పింది. దేవుడు మా చెల్లి చేతుల్ని దీవించాడు, ఇక ఎవరికి పక్షవాతం వచ్చిద్దో ముందే తెలిసిద్ది, అంది. నేను వెనక బెంచీలో తల దించుకు కూచున్నాను. ఎంత సిగ్గుపడ్డా నిజం నిజమే, ఆ రోజు నేనూ నమ్మాను. అంత సంతోషంగా ఉన్న రోజులు నాకు మళ్ళీ రాలేదు.

ఆ వేసవిలో ఒకరోజు ఉదయం బావ చేతిలోంచి టీ గ్లాసు జారిపడింది. వంగి తియ్యబోతే కుడిచెయ్యి లేవలేదు. మాట ముద్దగా వచ్చింది. కాసేపటికి అన్నీ మామూలైపోయాయి. "నిద్దర సరిగ్గా పట్టలా, అందుకే," అన్నాడు ఆయన. అక్క ఆ మాట వినిపించుకోలేదు. యూనిఫాం వేసుకుని ఉన్నది ఉన్నట్టే ఆయన్ని ఆటోలో కూచోపెట్టి తన ఆస్పత్రికే తీసుకుపోయింది. స్కాను చేస్తే ఎడమవైపు మెడ ధమని దాదాపు మూసుకుపోయి ఉంది. ఆపరేషన్ వెంటనే అన్నారు.

సొంతవాళ్ళ ఆపరేషన్‌కి స్టాఫ్‌ని లోపలికి రానివ్వరు. ఆ రోజు అక్క మొదటిసారి రోగి తాలూకు మనిషిగా ఆ తలుపుకి బయట నిలబడింది. ఏసీ పనిచెయ్యడం లేదు, కారిడారంతా ఉడికిపోతోంది. చుట్టూ హర్యానా నుంచి, యూపీ నుంచి వచ్చిన కుటుంబాలు. ఒక్కో రోగికి ఒక్కో ట్రాక్టరు నిండా జనం. డబ్బాల్లో పూరీలు, చేతుల్లో విసనకర్రలు. మాకు మేమిద్దరమే. అక్క గోడకి ఆనుకుని కీర్తనేదో గొణుక్కుంటోంది. నేను వాచీ చూసుకుంటున్నాను.

కొంతసేపటికి తలుపు తెరుచుకుంది. అక్కతో కలిసి పనిచేసే మలయాళీ సిస్టరు చేతిలో స్టీలు ట్రేతో బయటికి వచ్చింది. అంతా బాగా జరిగింది అని నవ్వుతూ ట్రే మా ముందుకి చాపింది. ఇది కొత్త విషయం కాదు, మన దేశంలో చాలా ఆస్పత్రుల్లో ఉన్నదే. పిత్తాశయంలో రాళ్ళు తీసినా, గడ్డ తీసినా బయట ఉన్నవాళ్ళకి తెచ్చి చూపిస్తారు. నిజంగా కోశారా, ఊరికే కుట్లు వేసి పంపించారా అన్న అనుమానం మనవాళ్ళకి ఎప్పుడూ ఉంటుంది. పొలం అమ్ముకుని వచ్చిన మనిషికి కళ్ళారా చూస్తే గానీ మనసు కుదుటపడదు. నేను గాల్‌బ్లాడర్ రాళ్ళ గురించి విన్నాను గానీ, మెడ పూడిక కూడా అలాగే బయటికొస్తుందన్న ఊహ నాకు ఎప్పుడూ రాలేదు. నాకు ఎప్పుడూ ఐసులో మూతపెట్టిన ట్యూబే అందింది.

అక్క ట్రేని సిస్టరు చేతుల్లోంచి తీసుకుంది. అందులో ఉంది బావ మెడలోది. పంగలకర్ర ఆకారంలో, ఎండిపోయిన చింతపండు గుజ్జులా, అక్కడక్కడా సున్నం పలుకులతో. ఇన్నేళ్ళుగా నేను దాని మీద పనిచేస్తూ దాన్ని ఒక్కసారి కూడా కళ్ళతో చూడలేదు. అక్క దానివంకే చూస్తూ నిలబడిపోయింది. పెదాలు కదులుతున్నాయి. వేలి చివరతో ట్రే అంచుని నిమురుతోంది. ఆమె మామగారిని, బావ వాళ్ళ అన్నని తీసుకుపోయింది ఇదే. ఈసారి బయటికొచ్చి తన చేతిలో ఉంది. నాకు ఏడుపు ఆగలేదు. "దీదీ, ఇచ్చెయ్, లోపలికి తీసుకెళ్ళాలి," అని సిస్టరు హిందీలో రెండుసార్లు అంది. అక్క ఇవ్వలేదు. పక్కనున్న హర్యానా ముసలావిడ వచ్చి చూసి, "అరే రామా, ఇంతుందా లోపల," అని తన వాళ్ళని కూడా పిలిచింది. అక్క వాళ్ళకి కూడా చూపించింది. మిగతా రోజుల్లో ట్రే తెచ్చి చూపిస్తూ తను చెప్పేదంతా అలవాటుగా చెప్పింది, ఇది రిసెర్చికి పోతుంది, రేపు దీంతోనే మందొస్తుంది అని. ఆ మాట విన్నాక నా ఏడుపు టక్కున ఆగిపోయింది.

"సిస్టర్, దీన్ని ఐసులో ఎప్పుడు పెడతారు?" అని అడిగాను.

"చూపించాకే కదా," అంది ఆమె. "ఎప్పుడూ అంతే."

"బైపాస్‌లో మిగిలిన ఛాతీ ముక్క కూడా ఇలాగే చూపిస్తారా?"

ఆమె నన్ను వింతగా చూసింది. "అది బాగున్న ముక్క కదా మేడమ్. అందులో చూడ్డానికి ఏముంది? అది అటునుంచి అటే ఐసులోకి."

ఒంట్లోంచి బయటికి తీసినంత మాత్రాన కణం చచ్చిపోదు. ఐసులో పెట్టేదాకా బతికే ఉంటుంది. రక్తం అందక, ఎండ వేడికి ఉక్కిరిబిక్కిరై ఆ ప్రమాదపు గంటలు మోగిస్తుంది. నేను జబ్బులో విన్నాననుకున్న గగ్గోలు ఈ కారిడార్లోదేనా? ట్యూబు మీద రాసే టైమ్ ఐసులో పెట్టిన టైమే. ట్రేలో గడిచిన టైమ్ ఎక్కడా ఎవరూ రాయలేదు. రాయాలని ఎవరికి తోస్తుంది?

బావ కోలుకున్నాడు. మూడో రోజుకే, "డాక్టరమ్మా, నా పూడిక ఏం చేశావ్? పొలంలో ఎరువుకి పనికొచ్చిద్దా?" అంటున్నాడు. నేను నవ్వాననుకుంటా. నవ్వుతూనే, మాటల్లో పెట్టి అక్కని అడగడం మొదలుపెట్టాను, ఇదివరకటి ఆపరేషన్లలో ఎవరెవరు వచ్చారు, ఎంతమంది వచ్చారు అని. ఆమెకి మనుషులు గుర్తుంటారు. ఒక పానీపట్ కుటుంబం మేనత్తలతో, మేనమామలతో సహా వచ్చి ట్రేని ఒకరి చేతిలోంచి ఒకరు అందుకున్నారంది. ఒక పంతులుగారు ఒంటరిగా వచ్చాడంట, చూపించడానికి బయట ఎవరూ లేక, "పాపం, ఆయనది అట్నే ఐసులో పెట్టేశాం," అంది. పానీపట్ ముక్క మా ప్రమాదం గుంపులో అందరికంటే ముందుంది. పంతులుగారిది నెమ్మది గుంపులో అట్టడుగున ఉంది. అక్కకి గుర్తున్నంతవరకు ఒక్కటి కూడా తప్పలేదు. మేం ఇన్నాళ్ళూ కనిపెట్టింది బయట ఎంతమంది చుట్టాలు నిలబడ్డారనేది.

ఆ నెలలో బావ ముక్క చిప్పు ఫలితం కూడా వచ్చింది. అన్నిటికంటే ఎక్కువ. పానీపట్ వాళ్ళని కూడా దాటేసింది. సార్ ఆ అంకె చూసి, "మీ బావగారు అదృష్టవంతులు, సమయానికి తీయించేశారు," అన్నారు. ఆయనకి చెప్పేముందు నేను రుజువు చూసుకోవాలి.

సర్జనుని బతిమాలాను. ఆ తర్వాత తీసిన కొన్ని పూడికల్ని నిలువునా రెండు చేయించాను. ఒక సగం వెంటనే ఐసులోకి, రెండో సగం మామూలుగా బయట చూపించాక. మనిషి ఒకడే, జబ్బు ఒకటే, ముక్క ఒకటే. అంకెలు వచ్చిన రోజు ల్యాబులో ఎవరూ లేరు. వెంటనే ఐసులో పెట్టిన సగాలన్నీ నెమ్మది గుంపులోకి పోయాయి. చూపించిన సగాలన్నీ ప్రమాదం గుంపులోకి వచ్చాయి. రెండు గుంపులూ ఒకే మనిషి మెడలోంచి వచ్చాయి. ప్రోగ్రాం మళ్ళీ నడిపాను, మళ్ళీ అదే. కంప్యూటర్ ఆపేసి ఆ నల్లటి స్క్రీన్ ముందు కూచున్నాను. నాకు ఏడుపు రాలేదు. ఒక రకమైన అసహ్యం వచ్చింది, నా చదువు మీద, ఆ చిప్పుల మీద, ట్రే పట్టుకుని ఎగబడే ఆ చుట్టాల మీద కూడా.

సార్‌కి చెప్పాను. ఆయన అంకెలన్నీ మొదటినుంచీ తిరగేసి చూశారు. తర్వాత, "అంకెల మనిషివి కదా, సరిదిద్దే దారి వెతుకు," అన్నారు. వెతికాను. ఎవరూ కొలవని దాన్ని ఏ లెక్కతోనూ సరిదిద్దలేం. కొత్తగా మొదలుపెడదామంటే గ్రాంటు అయిపోయింది, చిప్పులు అయిపోయాయి. పేపరు ఆపేశాం. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, కోప్పడి ఉంటే బాగుండేది. కానీ ఆయన మనసు ఆ గుంపుల్ని పూర్తిగా వదులుకోలేదని నాకు తెలుసు. టీ తాగుతూ తాగుతూ, "అయినా అందులో కొంతైనా నిజం ఉండకపోదు," అనేవారు. నాకు అలా అనుకునే ఓపిక కూడా పోయింది. థీసిస్ ఏదో లెక్కల పద్ధతుల మీద రాసి పట్టా తెచ్చుకున్నాను. దాన్ని నలుగురు చదివి ఉంటారేమో. సాకేత్‌లో ఒక ఇన్సూరెన్సు వాళ్ళకి ప్రోగ్రాములు రాసే ఆఫీసులో చేరాను. కిటికీలోంచి కొత్తగా లేస్తున్న మాల్ కనిపించేది.

అక్కకి మాత్రం, "రాలేదక్కా, అనుకున్నట్టు రాలేదు," అని ఊరుకున్నాను. ఎందుకు రాలేదో చెప్పలేదు. ఎలా చెప్పను? ట్రే పట్టుకుని ప్రతి కుటుంబం దగ్గరా ఆగి, వాళ్ళ భయం పోయేదాకా ఓపిగ్గా మాట్లాడిన మనిషి ఆమె. "పోన్లేవే, మళ్ళీ చెయ్యి. దేవుడు రెండోసారి చేయిస్తాడు," అంది. సంఘంలో నన్ను పరిచయం చేసే మాట మాత్రం మార్చలేదు.

ఆ పై ఏడు చలికాలంలో బావ పోయాడు. మెడది కాదు. ఆఫీసుకి పోతూ కరోల్ బాగ్ మెట్రో మెట్ల మీద గుండె ఆగిపోయింది, అచ్చం వాళ్ళ అన్నలాగే. నేను వెళ్ళేసరికి అక్క ఆయన చెప్పులు చేతిలో పట్టుకుని క్యాజువాల్టీ బయట బెంచీ మీద కూచుని ఉంది. ఏడవలేదు. "టిఫిన్ బాక్సు ఎవరో తీసుకుపోయారే," అంది. సమాధి రోజు తెలుగువాళ్ళందరూ వచ్చారు. వాళ్ళాయనకి బీపీ ఉందన్న ఆంటీ నా దగ్గరికి వచ్చి ఏదో అడగబోయి, నా మొహం చూసి ఊరుకుంది.

కొన్నాళ్ళకి సార్ అక్కని పరామర్శించడానికి వచ్చారు. మంచి మనిషి, రెండు బస్సులు మారి మరీ వచ్చారు. నేను టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళాను. అప్పుడు ఆయన అక్కతో హిందీలో మాట్లాడుతూ, ఓదార్పుకనే అనుకుంటాను, మా దగ్గరికి వచ్చిన వాటన్నిటిలోకీ మీ భర్తదే పెద్ద నంబరమ్మా, ఆ జబ్బే అంత మొండిది, మీరు చెయ్యగలిగిందేమీ లేదు అన్నారు. నేను టీ తీసుకొచ్చేసరికి అక్క మొహం మారిపోయి ఉంది. ఆయన వెళ్ళేదాకా మర్యాదగానే కూచుంది. తలుపు వేసి వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"నీకు ముందే తెలుసా?"

"ఏంటక్కా?"

"ఆయనది అందరికన్నా పెద్ద నంబరంటగా. ఏడాది పైగా నీకు తెలిసే ఉండిద్ది గదా. తెలిసీ ఒక్కమాట చెప్పలేదేంటే నాకు? ఆఫీసు మానిపిచ్చేదాన్ని గదా. ఆ మెట్లు ఎక్కనిచ్చేదాన్నా?"

"అక్కా, అది అలాంటి నంబర్ కాదు."

"మరి ఎట్టాంటిది? ప్రమాదం గుంపని నువ్వేగా పేరు పెట్టింది? నేను సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పాను గదే. అందరికీ ముందే తెలిసిద్దన్నాను. నా ఇంట్లో మనిషిది తెలిసి కూడా దాచిపెట్టావంటే నువ్వసలు మనిషివేనా?"

ఆమె నన్ను అలా అన్న రోజు అంతకుముందు లేదు. చిన్నప్పుడు అమ్మ కొడితే అడ్డం వచ్చిన మనిషి. నేను ఊరుకుంటే జన్మంతా నన్ను అలాగే చూస్తుంది. నిజం చెబితే, తను పంపిన ప్రతి ముక్కా ఎందుకు పాడైందో తెలుస్తుంది. రెండిటిలో ఏది తక్కువ పాపమో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. ఆమె కళ్ళలోకి చూడలేక చెప్పేశాను.

"ఆ నంబరు బావ జబ్బుది కాదక్కా. ముక్కని ఐసులో పెట్టకుండా బయట ఎంతసేపు ఉంచారో దానిది. చూపించడానికి ట్రే బయటికి తెస్తారు కదా, ఎంతసేపు ఉంటే అంత పెరుగుతుంది. అందరివీ అంతే. జబ్బు గురించి అందులో ఏమీ లేదు. బావ సంగతి ఎవరికీ ముందు తెలియదు. నాకూ తెలియదు."

అక్క మంచం అంచున కూచుంది. అర్థం కావడానికి ఆమెకి ఎక్కువసేపు పట్టలేదు, ఆ థియేటర్ ఆమెదే కదా.

"అంటే నేను పంపినయ్యన్నీ..."

"నీ తప్పేం లేదక్కా. అక్కడ అందరూ చేసేదే."

"వాళ్ళందరికీ చెప్పాను గదే, దీంట్లోంచే మందొచ్చిద్దని. ఒక్కొక్కళ్ళ చేతులు పట్టుకుని మరీ చెప్పాను."

ఆమె పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. బావ పోయాక ఆమె ఏడవడం నేను చూసింది అప్పుడే. పక్కింట్లో ఎవరో టీవీ పెద్దగా పెట్టారు. చాలాసేపటికి మొహం తుడుచుకుని, నావైపు చూడకుండా అడిగింది.

"అయితే ఆయనది అందరికన్నా ఎందుకు ఎక్కువొచ్చింది?"

"నువ్వు అందరికన్నా ఎక్కువసేపు పట్టుకున్నావక్కా. ఇవ్వమన్నా ఇవ్వలేదు."

"ఆ ముక్క నన్నడిగితే నేనే చెప్పేదాన్ని గదే," అంది అక్క. "దానికి మిషనెందుకు?"